ఊరు దాటని ప్రేషితులు

'మిషనరీ' అన్న మాట చెవిన పడగానే మన తెలుగువారి మనసులో ఒక రూపం మెదులుతుంది. సముద్రాలు దాటి వచ్చిన మనిషి, తెల్లని నిలువుటంగీ, చేతిలో గ్రంథం, వెనుక ఒక బడి, ఒక ఆసుపత్రి. ఆ రూపం కల్పితం కాదు. ఆస్ట్రేలియాలో వైద్యవిద్య పూర్తిచేసి వైద్యురాలిగా స్థిరపడిన మేరీ గ్లోరీ 1920లో గుంటూరుకు వచ్చి అక్కడి మఠకన్యల సమాజంలో చేరారు. ఆ కాలంలో మఠకన్యలు వైద్యవృత్తి చేపట్టడానికి శ్రీసభ నియమాలు అంగీకరించేవి కావు. (కతోలికులు తమ ధర్మసంఘాన్ని శ్రీసభ అని పిలుచుకుంటారు.) అందువల్ల ఆమెకు పోపు ప్రత్యేకానుమతి ఇవ్వవలసి వచ్చింది. మూడు దశాబ్దాలకు పైగా ఆమె గుంటూరు పరిసరాల స్త్రీలకు, శిశువులకు వైద్యం చేశారు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులను ఒక్కతాటి మీదికి తెచ్చిన సంఘానికి అంకురార్పణ చేసినదీ ఆమే. 1957లో బెంగళూరులో కన్నుమూశారు.

ఇటువంటి వారి చరిత్ర మనకు అంతో ఇంతో తెలుసు. అయితే కతోలిక సంప్రదాయంలోనే ఆ మాటకు మరొక అర్థం ఉంది. అది మన వారిలో చాలామందికి పరిచయం లేనిది. ఆ మాటకు వస్తే, కతోలికులలోనూ అనేకులు మరచిపోయినది. ఇల్లు విడవకుండా, ఉద్యోగం మానకుండా, ఎవరికీ ఉపన్యాసం వినిపించకుండా, తానున్న వీధిలోనే 'పంపబడినవాడి'గా జీవించడమే ఆ అర్థం.

శబ్దమూలాన్ని పరిశీలిస్తే విషయం తేటపడుతుంది. లాటిన్‌లో 'మిత్తెరే' అంటే పంపుట. 'మిస్సియో' అంటే పంపడం. తెలుగు కతోలికులు దీనికి వాడుకునే 'ప్రేషిత' శబ్దం మూలానికి అచ్చంగా అమరింది. ప్రేషితుడంటే పంపబడినవాడనే కదా! ఆ శబ్దాన్ని ఎన్నుకున్నవారి సంస్కృత పరిజ్ఞానాన్ని మెచ్చుకోవలసిందే. ఇంకొక విశేషం గమనార్హం. కతోలికుల ఆదివారపు దివ్యబలిపూజకు లాటిన్‌లో ఉన్న పేరు 'మిస్సా'. ఇంగ్లీషు 'మాస్' దాని నుంచి వచ్చినదే. పూజ ముగింపులో గురువు భక్తులను సాగనంపుతూ పలికే మాటలోని పదమది. అంటే, గుడి లోపల జరిగిన ఇంత పెద్ద క్రతువుకు, గుడి బయటకు పంపే చివరి క్షణాన్ని బట్టి పేరు వచ్చింది. లోపల పొందినది బయట ఖర్చు పెట్టవలసినదేనన్న భావం ఆ పేరులోనే ఇమిడి ఉంది.

1926లో పదకొండవ పయస్ పోపు ఏర్పరచిన ప్రపంచ ప్రేషిత ఆదివారాన్ని కతోలికులు ఏటా అక్టోబరు మాసంలో జరుపుకుంటారు. అదే పోపు 1927 డిసెంబరు 14న ప్రేషిత కార్యాలకు ఇద్దరిని పాలక పునీతులుగా సమాన హోదాలో ప్రకటించారు. ఒకరు ఫ్రాన్సిస్ జేవియర్. 1542లో గోవాలో అడుగుపెట్టి, దక్షిణ భారత తీరం, మలక్కా, జపాను తిరిగి, చైనా వాకిట ఒక ద్వీపంలో 1552లో ప్రాణం విడిచినవాడు. ఆయన ఎంపికలో ఆశ్చర్యం లేదు. రెండవవారు లిజ్యో తెరేసా. మన కతోలికులు ముద్దుగా చిన్న తెరేసమ్మ అంటారు. ఆమె ఏ దేశానికీ వెళ్లలేదు. పదిహేనో ఏట ఫ్రాన్సులోని లిజ్యో పట్టణపు కార్మెల్ మఠంలో ప్రవేశించి, తొమ్మిదేళ్లు నాలుగు గోడల మధ్య గడిపి, ఇరవైనాలుగో ఏట క్షయవ్యాధితో మరణించిన బాలసన్యాసిని. వేలాది యోజనాలు తిరిగినవానిని, గడప దాటనిదానిని ఒకే ఆసనంపై కూర్చోబెట్టడంలో ఆంతర్యమేమిటి?

ఆమె మఠజీవితంలో చెప్పుకోదగిన సంఘటనలు లేవనే అనాలి. ఒక వృద్ధ సన్యాసిని ఉండేది. నడవలేదు, ఎవరు పట్టుకున్నా తప్పు పట్టేది. ప్రతి సాయంకాలం ప్రార్థనశాల నుంచి భోజనశాలకు ఆమెను నడిపించే పనిని తెరేసా కోరి తీసుకుంది. వేగంగా నడిస్తే కోపం, మెల్లగా నడిస్తే పడిపోతానన్న భయం. కూర్చోబెట్టాక చేతి మడతలు ఒక పద్ధతిలో సవరించాలి. కొన్నాళ్లకు, ఆ ముసలావిడ రొట్టె తుంచుకోవడానికి అవస్థ పడడం గమనించి, అదీ తానే చేసి, ఒక చిరునవ్వు ఇచ్చి వెళ్లేది. బట్టలుతికే చోట ఎదురుగా ఉన్న సోదరి మురికినీళ్లు ముఖాన చిందిస్తుంటే తప్పుకోక నిలబడింది. ధ్యానవేళ వెనుక నుంచి ఒక సన్యాసిని ఏదో చిన్న శబ్దం చేస్తూ ఉంటే, చెమటలు పట్టేంత చిరాకు కలిగినా వెనుదిరిగి చూడలేదు. చదవడానికి ఇవి హాస్యాస్పదంగా ఉండవచ్చు. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసిన ఏ ఇల్లాలినడిగినా ఇవి ఎంత బరువైన పనులో చెబుతుంది.

ఈ పనులకూ దూరదేశాల ప్రేషిత కార్యానికీ సంబంధం ఏమిటంటే, తెరేసా దృష్టిలో రెండూ ఒకటే. వ్యాధి ముదిరిన దశలో, వైద్యులు చెప్పిన మేరకు తోటలో నాలుగడుగులు వేయడం కూడా ఆమెకు కష్టమైంది. ఎందుకీ శ్రమ అని అడిగినవారికి, ఎక్కడో అలసి సొలసిన ఒక ప్రేషితుడి కోసం నడుస్తున్నానని, తన అలసటను అతని అలసట తగ్గడానికి సమర్పిస్తున్నానని చెప్పింది. ఇది కతోలిక విశ్వాసంలో ఒక మూలసూత్రం. విశ్వాసులందరూ ఒకే దేహంలోని అవయవాలవంటివారు గనుక, ఒకరి త్యాగం మరొకరికి బలమవుతుందని వారి నమ్మకం.

ఆమెకు ఇద్దరు ప్రేషిత సోదరులను మఠాధికారిణి అప్పగించారు. వారి కోసం ప్రార్థించడం, ఉత్తరాలు రాయడం ఆమె బాధ్యత. ఒకరు అదోల్ఫ్ రులాన్. 1896లో చైనాకు వెళ్లి ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు. రెండవవాడు మోరిస్ బెల్యేర్. తనపై తనకు నమ్మకం లేని యువకుడు, తరచు కుంగిపోయేవాడు. తెరేసా లేఖలలో అత్యంత ఆప్యాయమైనవి కొన్ని అతనికి రాసినవే. 1897 సెప్టెంబరు 29న అతడు ఆఫ్రికాకు ఓడ ఎక్కాడు. మరునాడే ఆమె కన్నుమూసింది. కథ ఇక్కడ ఆగితే ఎంత రమ్యంగా ఉండేదో! కాని ఆగలేదు. బెల్యేర్ ఆఫ్రికాలో కొద్దికాలం పనిచేసి, ఆరోగ్యం చెడి, తిరిగివచ్చి, తన సమాజాన్ని విడిచి, 1907లో కాఁ పట్టణంలోని మానసిక చికిత్సాలయంలో ముప్పైమూడేళ్ల వయసుకే మరణించాడు. తెరేసా తండ్రిని మతిభ్రమణ కాలంలో మూడేళ్లు ఉంచినదీ ఆ చికిత్సాలయంలోనే. భక్తిపుస్తకాలలో కొన్ని ఈ భాగాన్ని దాటవేస్తాయి. దాటవేయకూడదని నా అభిప్రాయం. ప్రేషిత కార్యాలకు పాలకురాలైన ఆమె పెంచిన ఇద్దరు సోదరులలో ఒకరి జీవితం లోకదృష్టికి విఫలం. ఆమె ప్రేమ ఆ వైఫల్యాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నట్లు ఆ లేఖలు చదివితే తెలుస్తుంది. ఫలితం చూపించగలిగితేనే ప్రేమకు విలువ అన్న భావన వాటిలో ఎక్కడా కనబడదు.

అదే తల్లిదండ్రుల గురించి ఒక్కమాట. తండ్రి లూయీ మార్తాఁ గడియారాల వ్యాపారి. తల్లి జేలీ లేసు అల్లించి అమ్మే గృహపరిశ్రమ నడిపింది. పనివారి కూలి సకాలంలో చెల్లించడం, ఆదివారం బేరం ఎంత వచ్చినా దుకాణం తెరవకపోవడం, తొమ్మిదిమంది సంతానంలో నలుగురిని పసితనంలోనే పోగొట్టుకుని తట్టుకోవడం ఇవీ వారి చరిత్రలోని ఘట్టాలు. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపు వారిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. ఆ రోజు ప్రేషిత ఆదివారం కావడం విశేషం.

ఇక మఠం కాదు, ఎడారి. షార్ల్ ద ఫూకో 1858లో స్ట్రాస్‌బూర్‌లో జన్మించారు. విలాసాల్లో ఆస్తి కరగదీసిన సైనికాధికారి. 1883-84లో యూదు మతగురువు వేషంలో మొరాకోను అన్వేషించారు. అక్కడి ముస్లిములు పని మధ్యలో ఆగి దేవుని ముందు వంగడం చూసి, తాను పోగొట్టుకున్న విశ్వాసం సంగతి ఆయనకు మొదటిసారిగా తగిలింది. 1886లో పారిస్‌లో తన ధర్మానికి తిరిగివచ్చారు. తరువాత సన్యాసం, నజరేతులో మఠకన్యల వద్ద పనివాడిగా కొన్నేళ్లు, 1901లో గురుపట్టం, చివరకు 1905 నుంచి సహారా నడిబొడ్డున తమన్‌రాసెట్ అనే చిన్న పల్లె. అక్కడి తువారెగ్ జాతివారి భాష నేర్చి, వారి కవితలు సేకరించి, ఒక మహానిఘంటువు కూర్చారు. మతబోధ దాదాపు చేయలేదు. యేసు ప్రజల మధ్యకు వచ్చి బోధించింది మూడేళ్లయితే, నజరేతులో వడ్రంగిగా ఎవరి కంటా పడకుండా గడిపింది ముప్పై ఏళ్లు. తాను ఆ ముప్పై ఏళ్లను అనుసరించాలని ఆయన సంకల్పం.

1908 ఆరంభంలో అక్కడ తీవ్రమైన కరవు. ఉన్న ధాన్యం పంచిపెట్టిన ఫూకో తానే మంచం పట్టారు. కదలలేని స్థితి. అప్పుడు ఆ తువారెగ్ పేదలు తమ మేకలలో పాలున్నవాటిని వెదకి, చుట్టుపక్కల నుంచి పాలు తెచ్చి ఆయనను బతికించారు. వారికి మేలు చేయడానికి వచ్చినవాడు వారి దయ వల్ల ప్రాణం నిలుపుకున్నాడు. ఆయన జీవితంలో ఇదే మలుపు అని చరిత్రకారులు అంటారు. అంతవరకు ఆయన ఇచ్చేవాడు, వారు పుచ్చుకునేవారు. ఆ రోజు నుంచి ఇరుగుపొరుగువారు.

ఆయనను ఏ మచ్చా లేనివాడిగా చిత్రించనవసరం లేదు. ఆయన ఫ్రెంచి సైన్యానికి చెందినవాడు, సైనికాధికారులకు మిత్రుడు. ఆ ప్రాంతంపై ఫ్రాన్సు పాలన న్యాయమైనదేనని నమ్మినవాడు. పరాయి పాలన రుచి చూసిన మనకు ఆ నమ్మకం జీర్ణం కాదు, కానక్కరలేదు. 1916 డిసెంబరు 1న సాయుధులు ఆయనను బంధించి, ఆ గలాటాలో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వెంట ఒక్క శిష్యుడు లేడు. ఆయన కలగన్న సోదర సమాజాలు 1933 తరువాతనే రూపు దాల్చాయి. 2022 మే 15న ఆయనను పునీతునిగా ప్రకటించారు. అదే వేదికపై మన దేశానికి చెందిన దేవసహాయం పిళ్లై కూడా ఆ గౌరవం పొందారు. కన్యాకుమారి ప్రాంతపు నట్టాలంలో పుట్టి, తిరువాన్కూరు రాజకొలువులో ఉద్యోగం చేసి, 1752లో ప్రాణాలర్పించిన గృహస్థు. భారతీయ గృహస్థునికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం.

తెరేసా మఠవాసిని, ఫూకో గురువు. మరి అద్దె ఇంట్లో ఉంటూ, ఆఫీసుకు వెళ్తూ, కూరగాయల సంచి మోసేవారి మాటేమిటి? ఈ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో బహుశా అందరికంటె లోతైన సమాధానం జీవించి చూపినది మదలేన్ దెల్బ్రెల్ అనే ఫ్రెంచి మహిళ. మన పత్రికలలో ఆమె పేరు కనబడడం అరుదు గనుక కాస్త విపులంగా చెబుతాను.

ఆమె 1904 అక్టోబరు 24న నైరుతి ఫ్రాన్సులోని ముసిదాన్‌లో, రైల్వే ఉద్యోగి ఇంట పుట్టారు. పదిహేనేళ్లకే నాస్తికురాలు. పదిహేడేళ్లకు దేవుడు చచ్చాడని, ఇక చావుదే రాజ్యమని ప్రకటిస్తూ వ్యాసం రాశారు. తెలివైన పిల్ల, కవయిత్రి. ఆమెను మార్చినది ఏ ఉపన్యాసమూ కాదు. తన ఈడు క్రైస్తవ విద్యార్థులు కొందరు స్నేహితులయ్యారు. వారూ తనలాగే నవ్వుతారు, నాట్యం చేస్తారు, వాదిస్తారు, కాని దేవుడు వారికి గాలిలా అవసరం. ఎవరూ ఆమెను మారమనలేదు. దేవుడు లేడని తాను నిశ్చయంగా చెప్పలేదు గనుక, ఉండవచ్చునన్న అవకాశాన్ని నిజాయితీగా గౌరవించాలంటే మోకరిల్లి చూడాలని ఆమె తీర్మానించుకున్నారు. చూశారు. 1924 మార్చి 29న తనకు దర్శనమైన విశ్వాసం జీవితాంతం తనను విస్మయపరుస్తూనే ఉందని ఆమె రచనలు చెబుతాయి. తాను మనసిచ్చిన యువకుడు 1925లో దొమినికన్ సన్యాసులలో చేరిపోయాడు. ఆమె మఠంలో చేరలేదు. ఇంట్లో తల్లిదండ్రుల పరిస్థితి అందుకు తగినది కాదు. పైగా తన స్థానం లోకంలోనేనని ఆమెకు తోచింది.

1933 అక్టోబరు 15న, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి, పారిస్ పొలిమేరలోని ఇవ్రీ అనే కార్మిక పట్టణానికి చేరారు. 1925 నుంచి ఆ పురపాలక సంఘం కమ్యూనిస్టులది. ఫ్రాన్సు కమ్యూనిస్టు పార్టీ నేత మోరిస్ తోరేజ్ పార్లమెంటుకు ఎన్నికైన నియోజకవర్గం అది. గుడికీ పురపాలక భవనానికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే వాతావరణం. తొలుత ఆ ముగ్గురూ విచారణ గుడి అనుబంధ కేంద్రంలో సేవ చేశారు. కాని అక్కడికి వచ్చేవారంతా కతోలికులే! నాస్తికుల ఊరికి వచ్చి ఆస్తికుల మధ్యనే కూర్చుంటే పంపబడినట్లు ఎలా అవుతుంది? 1935లో వారు రాస్పాయ్ వీధిలోని 11వ నంబరు ఇంటికి మారారు. తలుపు తట్టినవారికి తలుపు తీయడమే ఆ ఇంటి నియమం. ప్రమాణాలు లేవు, ప్రత్యేక వస్త్రధారణ లేదు. ఎవరి జీతం వారు సంపాదించుకునేవారు.

అక్కడ ఆమెకు కలిగిన మొదటి ఆఘాతం కమ్యూనిస్టుల వల్ల కాదు. ఆదివారం గుడికి వచ్చే యజమానులలో కొందరు కూలీలకు చాలీచాలని వేతనాలు ఇస్తున్నారు. దేవుడు లేడనేవారు ఆ కూలీల ఆకలి గురించి రాత్రింబవళ్లు తిరుగుతున్నారు. కొంతకాలం ఆమె మనసు వారివైపు మొగ్గింది కూడా. సువార్తను, మార్క్సిస్టుల రచనలను పక్కపక్కన పెట్టుకుని చదివారు. వర్గద్వేషం దగ్గర ఆగిపోయారు. సువార్త చెప్పే ప్రేమకు మినహాయింపు లేదు. యజమానిని ద్వేషించి కూలీని ప్రేమించమని అది చెప్పదు. పార్టీలో చేరలేదు, స్నేహం వదలలేదు.

సాంఘిక సేవలో శిక్షణ పొందిన ఆమె, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇవ్రీ పట్టణ సాంఘిక సేవల నిర్వహణ బాధ్యత వహించారు. శరణార్థులు, బాంబుదాడుల బాధితులు, తిండిలేని పిల్లలు. యుద్ధం ముగిసి కమ్యూనిస్టులు పురపాలక పీఠానికి తిరిగి వచ్చినప్పుడు ఈ 'గుడి మనిషి'ని తొలగించలేదు, కొనసాగించారు. ఒకరి విశ్వాసానికి ఎదుటి పక్షంవారు ఇచ్చే యోగ్యతాపత్రం ఇంతకంటె ఏముంటుంది? 1946లో ఆమే ఆ ఉద్యోగం వదిలారు. ఇంటా బాధ్యతలు పెరిగాయి. ఒకరితో ఒకరికి పొసగక తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రికి చూపు పోయింది, కోపం మాత్రం పోలేదు, దేవుడంటే పడదు. 1955లో కొద్ది నెలల తేడాతో ఇద్దరూ పోయేవరకూ ఇద్దరినీ ఆమె చూసుకున్నారు. ఇవ్రీలోని నాస్తికులతో పడిన ప్రయాసకంటె ఇది చిన్నదని నేననుకోను.

ఆమె ఆలోచనకు నేపథ్యమైన ఒక పరిణామాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. 1943లో గోదేఁ, దానియేల్ అనే ఇద్దరు గురువులు ఒక చిన్న పుస్తకం రాశారు. ఫ్రాన్సు కూడా ప్రేషిత క్షేత్రమేనా అన్నది దాని ప్రశ్న. శతాబ్దాలుగా లోకమంతటికీ ప్రేషితులను ఎగుమతి చేసిన దేశంలో, రాజధాని చుట్టూ ఉన్న కార్మికవాడలలోనే క్రీస్తు ఎవరో తెలియని తరాలు పెరిగాయని ఆ పుస్తకం బట్టబయలు చేసింది. అప్పటికే 1941లో కార్డినల్ సూహార్ ప్రోద్బలంతో, స్వదేశం కోసమే గురువులను తయారుచేసే 'మిషన్ ద ఫ్రాన్స్' ఏర్పడింది. దాని విద్యాలయాన్ని ఎక్కడ తెరిచారనుకున్నారు? చిన్న తెరేసమ్మ ఊరైన లిజ్యోలో! దూరం ఇక మైళ్లలో కొలిచేది కాదని తేలిపోయింది. ఒకే అంతస్తులో ఎదురెదురు తలుపుల మధ్య సముద్రమంత దూరం ఉండవచ్చు. తెరేసా ఎందుకు ప్రేషిత పాలకురాలైందో మదలేన్ వివరించిన తీరు కూడా ఇదే. భూమి మీద విస్తరించే ప్రేషిత కార్యం ఒకటైతే, ఉన్నచోటనే లోతుకు దిగే ప్రేషిత కార్యం మరొకటని, ఆ రెండవదానికి తెరేసా దారి చూపిందని ఆమె భావించారు. ఫూకో అంటే కూడా ఆమెకు అమిత గౌరవం.

ఆ రోజుల్లో కొందరు గురువులు కర్మాగారాలలో కూలీలుగా చేరారు. శ్రామిక గురువులన్నారు వారిని. వారిలో కొందరు సమ్మెలలో, రాజకీయ పోరాటాలలో మునిగిపోగా రోము ఆందోళన చెందింది. చీలిక వస్తుందేమోనన్న దిగులుతో 1952 ఆగస్టులో మదలేన్ రైలెక్కి రోముకు వెళ్లారు. ఎవరినీ కలిసి వాదించడానికి కాదు. పగలంతా పునీత పేతురు సమాధి చెంత ప్రార్థనలో గడిపి తిరిగి వచ్చేశారు. ఆ ప్రయాణానికి డబ్బు లేకపోతే ఒక స్నేహితురాలు బహూకరించిన లాటరీ టికెట్టుకు టికెట్టు ఖర్చుకు సరిపడా బహుమతి తగిలిందని ఆమె చరిత్రకారులు చెబుతారు. 1954 మార్చి 1 నాటికి కర్మాగారాలు విడవవలసిందిగా శ్రామిక గురువులకు ఆదేశం వచ్చింది. కొందరు పాటించారు, కొందరు శ్రీసభకే దూరమయ్యారు. మదలేన్ ఇవ్రీని వదలలేదు, విధేయతనూ వదలలేదు. రెండింటినీ పట్టుకుని ఉండడం ఎంత బాధాకరమో ఆ తరువాతి ఆమె రచనలలో కనబడుతుంది. ఆ ప్రయోగానికి శ్రీసభ తిరిగి అనుమతి ఇచ్చింది 1965లో. అప్పటికి ఆమె లేరు.

ఇక్కడ పాఠకులు అడగదగిన ప్రశ్న ఒకటుంది. మన దేశంలో అది మరీ సూటిగా వినిపిస్తుంది. ఈ స్నేహమంతా చివరకు మతం మార్పించడానికేనా? పొరుగువాని బాధలో పాలుపంచుకోవడం ఎరా, ప్రేమా?

ప్రశ్న సబబైనదే. సమాధానం వారి శాసనాలలోనే ఉంది. 1965 డిసెంబరు 7న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ప్రేషిత కార్య శాసనం, ఎవరినైనా బలవంతంగా గాని, అనుచితమైన ప్రలోభాలతో గాని విశ్వాసంలోకి తేవడాన్ని నిషేధించింది. అదే రోజు వెలువడిన మతస్వేచ్ఛా ప్రకటన, పేదల విషయంలోను, చదువులేనివారి విషయంలోను ఈ జాగ్రత్త మరింత అవసరమని హెచ్చరించింది. శ్రీసభ ఆకర్షణ వల్ల పెరగాలి గాని మతమార్పిడి ప్రచారం వల్ల కాదని 2007లో బ్రెజిల్ పర్యటనలో పదహారవ బెనెడిక్ట్ పోపు అన్నారు. ఫ్రాన్సిస్ పోపు ఆ మాటను పదేపదే గుర్తుచేశారు. ఈ నియమాలను ఎవరైనా అతిక్రమిస్తే, వారు ఇతరుల ధర్మానికంటె ముందు తమ ధర్మానికే అపచారం చేసినవారవుతారు. అన్నం ముద్దకు పేరు మార్పును వెలగా కట్టడం బేరం, దానం కాదు.

కాని దీనికి రెండవ పార్శ్వమూ ఉంది, మదలేన్ దానిని దాచలేదు. 1957లో ఇవ్రీ అనుభవాలపై తాను ప్రచురించిన గ్రంథంలో, నాస్తికత పట్ల రాజీపడడం స్నేహం కాదని ఆమె స్పష్టంగా రాశారు. తనకు ప్రాణప్రదమైనదాన్ని స్నేహితుని వద్ద దాచిపెట్టేవాడు అతన్ని పూర్తిగా నమ్మనట్లే. కమ్యూనిస్టు మిత్రులకు ఆమె దేవుని విషయం తెలుసు. ఆమెకు వారి పార్టీ విషయం తెలుసు. ఎవరూ ఎవరినీ మభ్యపెట్టలేదు. ఆమె చలవ వల్ల ఎందరు గుడికి వచ్చారన్న లెక్క ఎవరూ వేయలేదు, వేయడానికి వీలైన వ్యవహారమూ కాదు. నా దృష్టిలో గీటురాయి ఇదే. ఎదుటివాడు ఎన్నటికీ మారడని రూఢిగా తెలిశాక కూడా మరునాడు అతని తలుపు తట్టగలిగితే ఆ స్నేహం నిజమైనది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆమె అదే వీధుల్లో అదే తలుపులు తట్టారు. ఈ గీటురాయిని ఒక్క కతోలికులకే పరిమితం చేయనక్కరలేదు. ఏ ధర్మంవారు సేవ చేసినా దానిపై గీసి చూసుకోవచ్చు.

ఆమె మార్గంలో ఆకర్షించేది దాని మామూలుతనం. మెట్రో రైలులో నిలబడి ఉన్నప్పటి రద్దీయే ఆమెకు ఏకాంతం. టెలిఫోను మోగడం, ఆలస్యంగా వచ్చే బస్సు, పిలవని అతిథి, మాడిన కూర, వీటిని ఆమె ప్రార్థనకు అడ్డంకులనుకోలేదు. దేవుడు ఆ రోజుకు నిర్ణయించిన ప్రార్థన అవేనని భావించారు. ఎవరూ తపస్సుగా గుర్తించని తపస్సు ఇది. ఎన్నుకున్న ఉపవాసం కంటె ఎన్నుకోని ఆటంకాన్ని ఓర్చడం కష్టం. ఇంటికి అలసి వచ్చిన గుమాస్తా, రాత్రివిధుల్లో ఉన్న నర్సు, పరీక్షపత్రాలు దిద్దే పంతులమ్మ ఈ మార్గానికి తమ దినచర్యను మార్చుకోనక్కరలేదు. చేసేపనిలో ఎవరి ముఖం చూస్తున్నారో మాత్రమే మారుతుంది. ఎదుటివాడు దస్త్రం కాదు, మంచం నంబరు కాదు, హాజరుపట్టీలోని పేరు కాదు. 2013లో ఫ్రాన్సిస్ పోపు తన 'ఎవాంజెలీ గౌదియుమ్' లేఖలో బాప్తిస్మం పొందిన ప్రతి వ్యక్తీ ప్రేషితుడేనని, అది తీరికవేళ చేసే అదనపు పని కాదని నొక్కిచెప్పినప్పుడు, ఇవ్రీ వీధుల్లో ఎనభై ఏళ్లనాడు మొదలైన ఆచరణకే సిద్ధాంతరూపం ఇచ్చారు. 2018 జనవరిలో మదలేన్‌ను 'గౌరవనీయ' స్థానానికి ఎంపికచేసినదీ ఆయనే. పునీత పట్టానికి దారిలో అదొక మెట్టు.

1964 అక్టోబరు 13న, రాస్పాయ్ వీధి ఇంట్లో, పని చేసుకునే బల్ల దగ్గరే ఆమె హఠాత్తుగా కన్నుమూశారు. అరవై ఏళ్లు నిండడానికి పదకొండు రోజులు తక్కువ. అదే రోజు రోములో మహాసభ గృహస్థ విశ్వాసుల ప్రేషిత కర్తవ్యంపై చర్చిస్తోంది. బిషప్పులు నిండిన ఆ సభలో, గురుపట్టం లేని పాట్రిక్ కీగన్ అనే ఆంగ్లేయుడు, కార్మికోద్యమంలో పెరిగినవాడు, లేచి నిలబడి ప్రసంగించాడు.